బుఖ్లోవిత్సె సంతపేట

మొదటి ప్రపంచయుద్ధం అనగానే అందరికీ సరాయెవో స్మరణకు వస్తుంది. నాకు మాత్రం బుఖ్లోవిత్సె తోస్తుంది. చెక్ దేశపు మొరావియాలో, ఖ్రిబీ కొండల పాదాన ఉన్న చిన్న ఊరది. చెక్కులు అటువంటి దానిని 'మ్యెస్తిస్' అంటారు. పల్లెకు ఎక్కువ, పట్టణానికి తక్కువ. సంత జరుపుకొనే హక్కు గలది. మన 'పేట' ఇంచుమించు సరిపోతుంది. కొండమీద 13వ శతాబ్దపు బుఖ్లోవ్ కోట. దిగువన ఊరిలో, 1700 ప్రాంతాన ఇటలీ పద్ధతిలో నిర్మించిన సౌధం. 1800లో అది బెర్ఖ్టోల్డ్ వంశానికి సంక్రమించింది.

ఆ వంశంలోని లియోపోల్డ్ ప్రభువు సౌధాన్ని వైద్యశాలగా మార్చి, రోగులకు పరిచర్య చేస్తూ టైఫస్ సోకి 1809లో మరణించాడు. ఎంత ధన్యుడు!

శతాబ్దం గడిచాక ఆ సౌధానికి యజమాని అదే పేరు గల మరొక లియోపోల్డ్. అప్పుడతడు రష్యాలో ఆస్ట్రియా-హంగరీ రాయబారి. 1908 సెప్టెంబరు 16న తన యింట ఇరుదేశాల విదేశాంగమంత్రులైన ఎరెన్తాల్‌నూ, ఇజ్వోల్స్కీనీ కూర్చోబెట్టాడు. 1878 నుండి తన పాలనలోనే ఉన్న బోస్నియాను ఆస్ట్రియా కలుపుకొంటే రష్యా అడ్డుచెప్పదు. నల్లసముద్రపు జలసంధులలో రష్యా యుద్ధనౌకలకు దారి యిప్పించుకోబోతే ఆస్ట్రియా అడ్డురాదు. ఇదీ బేరం. ఇద్దరూ అంగీకరించిన పత్రమేదీ వ్రాసుకోలేదు. సంతలో ఎద్దును కొనేవాడు సైతం నలుగురి యెదుట మాట తీసుకుంటాడు గదా!

మూడు వారాలలోనే, అక్టోబరు 6న, ఆస్ట్రియా బోస్నియాను కలుపుకొంది. మోసగించారని ఇజ్వోల్స్కీ, తెలిసే ఒప్పుకున్నాడని ఎరెన్తాల్. రష్యాకు అవమానమూ, సెర్బియాకు పగా మిగిలాయి. 1914 జులైలో అదే సెర్బియాకు తుది హెచ్చరిక పంపిన విదేశాంగమంత్రి ఈ రెండవ లియోపోల్డే.

1945లో సౌధం ప్రభుత్వపరమైంది. ఇప్పుడు అక్కడికి జనం ఫ్యూషియా పూలు చూడడానికి వెళతారు.