మూసేసిన ఇంక్లైన్ ముందు

మన బడిలో చదివినవాళ్లలో బాయి పిల్లలం చాలామందిమే ఉన్నాం. అయినా బాయి లోపల పని చేస్తున్న నాయన ఫొటో ఎవరింట్లోనైనా ఉందేమో అడిగి చూడండి. మా ఇంట్లో లేదు. నిప్పురవ్వ పుట్టించే వస్తువేదీ లోపలికి పోకూడదు కనుక, అగ్గిపెట్టెతో పాటు కెమెరా కూడా పైనే ఆగిపోయేది. అందుకే మొన్న సెలవుల్లో అనుమతి తీసుకొని, బెల్లంపల్లిలో ఎప్పుడో మూసేసిన ఒక ఇంక్లైన్ దగ్గరికి కెమెరాతో పోయాను.

విలియం కింగ్ 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. మన వైపు గనులు రావడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. బొగ్గు ఉంటే చాలదు కదా, మోసుకుపోయే దారి కావాలి. కాజీపేట–బల్లార్షా లైను 1929లో పూర్తయింది. బెల్లంపల్లి గనులూ ఆ రోజులవే.

ఇంక్లైన్ అంటే భూమిలోకి దిగే ఏటవాలు సొరంగం. లోపల సన్న పట్టాలు, వాటి మీద టబ్బులు, పైన హాలేజీ ఇంజిను డ్రమ్ముకు చుట్టుకునే ఇనుప తాడు. ఆ తాడు నేలకు రాసుకోకుండా పట్టాల నడుమ రోలర్లు. చూస్తే చిన్న రైల్వే సొరంగమే. కానీ రైల్వే సొరంగంలో గాలి ఈ వైపు నుంచి ఆ వైపుకు దానంతటదే ఆడుతుంది. ఇక్కడ ఫ్యాను తిరగాలి. ఫ్యాను ఆగితే లోపలి ఆక్సిజన్‌ను బొగ్గే పీల్చుకుంటుంది, మీథేన్ చేరుతుంది, పల్లంలో నీళ్లు నిండుతాయి. అందుకే గోడ కట్టి మూస్తారు. ఆ గోడ దాటి చూద్దామని ఎవరికైనా సరదా పుడితే మానుకోండి. ఆ గాలికి వాసన ఉండదు.

గోడకు ఇవతల పదీ పన్నెండు అడుగుల దారి మిగిలింది. సర్కారు తుమ్మ అల్లుకుంది. మట్టిలోంచి ఒక పట్టా కొస పైకి తేలింది. పక్క గోడలో మనిషి పట్టేంత గూడు ఒకటి ఉంది. మ్యాన్‌హోల్ అంటారు. టబ్బులు వస్తుంటే మనుషులు తప్పుకొని అందులో నిలబడాలి. చీకట్లో కనబడాలని దానికి సున్నం వేసేవారు. ఆ సున్నం ఇంకా పెచ్చులు పెచ్చులుగా ఉంది. ఎక్కువ ఫొటోలు దానివే తీశాను.

బాపు ట్రామర్‌గా చేసిండు. ఇప్పుడు ఎనభై దాటాయి. సాయంత్రం ఫొటోలు చూపించాను. కమాను, గోడ, పట్టా, వేటి దగ్గరా ఆగలేదు. గూడు ఫొటో రాగానే దాని మీద వేలు పెట్టిండు.

"ఇగో, ఈడ నిలబడెటోళ్లం. టబ్బులు పోయిందాంక ఊపిరి బిగవట్టి."