మిట్టలను కూడా లెక్కగట్టే పటం

మార్కాపురం నుంచి శ్రీశైలానికి సైకిల్ మీద బయల్దేరేవాళ్లకు కిలోమీటర్ల లెక్క సగం సంగతే చెబుతుంది. దోర్నాల దాకా దారి ఒక తీరు, ఆ పైన నల్లమల ఘాట్ రోడ్డు మరో తీరు. గిద్దలూరు నుంచి నంద్యాలకు పోయినా మధ్యలో అదే నల్లమలను దాటాలి. మిట్ట ఎంత నిలువుగా ఉంది, తారు ఎక్కడిదాకా ఉంది అన్నవే తొక్కేవాడికి ముఖ్యం.

ఈ లెక్క కోసం సైకిలిస్టులు కంప్యూటర్లు పుట్టకముందు నుంచే వెతుకుతున్నారు. 1896లో హ్యారీ ఇంగ్లిస్ స్కాట్లండ్ రోడ్లకు ‘కాంటూర్ రోడ్ బుక్’ తెచ్చాడు. ఏ రోడ్డు ఎక్కడ లేస్తుందో, ఎక్కడ వాలుతుందో అందులో గీతగా గీసి చూపాడు. ఇవాళ ఫోన్‌లో దారి కింద కనిపించే ఎగుడుదిగుడు గీతకు అది ముత్తాత. బ్రిటన్‌లోనే బార్తలోమ్యూ కంపెనీ పటాలకు సవరణలు పంపిన వాళ్లు సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ సభ్యులు. తొక్కినవాళ్లే పటం దిద్దడమన్నది అంత పాతది.

దారి వెతికే గణితం డచ్ శాస్త్రవేత్త ఎడ్స్గర్ డైక్‌స్ట్రాది. రోటర్‌డామ్ నుంచి గ్రోనింగన్‌కు దగ్గర దారి ఏదన్న ప్రశ్నకు 1956లో ఆమ్‌స్టర్‌డామ్ కాఫీ హోటల్లో కూర్చుని ఇరవై నిమిషాల్లో జవాబు ఆలోచించానని ఆయనే చెప్పాడు. 1959లో అచ్చయింది. అందులో దూరం బదులు కష్టాన్ని పెట్టినా లెక్క తేలుతుంది. మిట్టకు కొంత, మట్టిరోడ్డుకు కొంత, లారీల రద్దీకి కొంత భారం కలిపితే అదే సైకిల్ దారి.

మరి ఎత్తులు ఎక్కడివి? 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక 11 రోజులు తిరిగి, భూమ్మీది నేలలో దాదాపు 80 శాతాన్ని రాడార్‌తో కొలిచింది. రోడ్ల సంగతి 2004లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ చూసుకుంది. ఎవరైనా గీయవచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. 2007లో ఆండీ అలన్ దాని మీదే ఓపెన్‌సైకిల్‌మ్యాప్ కట్టాడు. సైకిల్ దారి గీసిచ్చే రైడ్ విత్ జీపీఎస్, కోమూట్ వంటివీ వచ్చాయి. 2017 డిసెంబరులో గూగుల్ మన దేశంలో తెచ్చిన టూవీలర్ దారులు మోటారు బండ్లకోసం. కాళ్ల సత్తువ వాటి లెక్కలోకి రాదు.

నల్లమలకు ఎక్కువ అక్కరకొచ్చేది బ్రౌటర్ అనే దారి వెతికే యాప్ అనాలి. డేటా ముందే దించుకుంటే సిగ్నల్ లేని అడవిలోనూ ఫోన్‌లో పనిచేస్తుంది. మిట్టకు ఎంత భారం వేయాలో మనమే మార్చుకోవచ్చు. అలాగని గుడ్డిగా నమ్మకూడదు. దట్టమైన అడవిలో రాడార్ చాలాచోట్ల నేలను కాక చెట్ల కొమ్మలను కొలిచింది. ఘాట్ మలుపుల్లో లేని మిట్టలు గీతలో కనిపిస్తాయి. పైగా ఈ అడవి పులుల అభయారణ్యం. దోర్నాల–శ్రీశైలం రోడ్డుపై రాత్రి రాకపోకలను ఆపేస్తారు. పటంలో గీత ఉన్నంత మాత్రాన అడవి బాటలోకి వెళ్లడం తగదు.

మైదానంలో అయితే మన చేతిలో పని చాలా ఉంది. కంభం చెరువు చుట్టుపక్కల డొంకలు, తారు పడ్డ పల్లె రోడ్లు, వానొస్తే మునిగే వాగు దారులు అక్కడ తిరిగేవాళ్లకే తెలుస్తాయి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఊరి పేరు తెలుగులో రాసే వీలుంది, రోడ్డు మట్టిదో తారుదో చెప్పే వీలుంది. మార్కాపురం, గిద్దలూరు కాలేజీ పిల్లలు ముందుగా తమ ఊరి దారినే పటంలో చూసి, తప్పుంటే దిద్దాలి.