లదేణి తర్వాత, నాగలికి ముందు: మా తండాల పశువుల కాలం

లంబాడీల చరిత్ర రాసినవాళ్లు ఎక్కువగా రెండు చోట్ల ఆగుతారు. మొదటిది లదేణి కాలం. వేల ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసి సైన్యాలకు, సంతలకు చేర్చిన కాలం అది. రెండోది తండా ఒకచోట కుదురుకుని, నాగలి పట్టి, భూమి కోసం పోరాడిన కాలం. ఈ రెంటి నడుమ మా తాతలు, ముత్తాతలు మూడు నాలుగు తరాల పాటు ప్రధానంగా పశువుల మీదే బతికారు. మోత పోయింది, భూమి ఇంకా చేతికి రాలేదు, చేతిలో ఉన్నది మంద ఒక్కటే. ఆ కాలం గురించి పుస్తకాల్లో దొరికేది కొద్ది పేజీలే. ఆచార్య భంగ్యా భుక్యా 2010లో వెలువరించిన ఇంగ్లీషు గ్రంథంలో నిజాం పాలన కింద లంబాడీల బతుకును వివరంగా రాశారు. అలాంటి రచనలు ఇంకా రావాలి. జనగామ, మానుకోట, భూపాలపల్లి తండాల వరకు మాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాం.

ముందు లదేణి సంగతి కొంచెం చెప్పాలి. అది లేకుండా తర్వాతి కథ అర్థం కాదు. 1632లో ఇంగ్లీషు వ్యాపారి పీటర్ మండీ ఉత్తరాదిన ఒక తండాను చూసి, అందులో 14,000 ఎద్దులున్నాయని రాసుకున్నాడు. అవి రోజుకు ఆరేడు మైళ్లకు మించి నడవవని కూడా రాశాడు. అదే శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచివాడు తవెర్నియే పది పన్నెండు వేల ఎద్దుల బిడారులను ప్రస్తావించాడు. షాజహాన్ కాలంలో, సుమారు 1630లో, ఆసఫ్ ఖాన్ దండు వెంట భంగీ, జంగీ నాయక్‌లు దక్కనుకు వచ్చారని మా పెద్దలు చెప్పుకునే మాటను 19వ శతాబ్దంలో బేరారు అధికారి కంబర్లెజ్ నమోదు చేశాడు. రాఠోడ్ అన్నదమ్ములకు 1,80,000 ఎద్దులు, వడ్త్యా భగవాన్‌దాస్‌కు 52,000 ఎద్దులు ఉండేవట. ఇవి ఎవరూ నిలబడి లెక్కపెట్టిన అంకెలు కావు, తరతరాలుగా చెప్పుకున్న అంకెలు. అయినా ఒక విషయం గమనించాలి. మా పెద్దలు గొప్పతనాన్ని ఎకరాల్లోనో బంగారంలోనో కొలవలేదు, ఎద్దుల్లో కొలిచారు.

ఆసఫ్ ఖాన్ ఇచ్చాడని చెప్పుకునే రాగి రేకు కథ అందరికీ తెలిసిందే. దాన్ని చెప్పేటప్పుడు రోజుకు మూడు హత్యలు మాఫీ అన్న ముక్కనే అందరూ పట్టుకుంటారు. మా మీద నేరస్థుల ముద్ర వేయడానికి కూడా ఆ ముక్కే పనికొచ్చింది. కానీ ఆ రేకులో ముందుగా ఉన్నవి నీళ్లు, కప్పు మీది గడ్డి. దండు గుర్రాలు ఎక్కడ ఉంటే భంగీ, జంగీల ఎద్దులూ అక్కడ ఉండవచ్చని మరో మాట. అంటే బాట పొడుగునా నీటి మీద, గడ్డి మీద హక్కు. అది అడగడం తెలిసినవాళ్లు వ్యాపారం తెలిసినవాళ్లే.

లదేణికి కూడా కాలం ఉండేది. పంటలు కోతకొచ్చాక గోణెలు నిండేవి, వానలు పడేవరకు నడక సాగేది. నల్లరేగడి తడిస్తే బరువు మోసే ఎద్దు అడుగు తీసి అడుగు వేయలేదు, వాగులు దాటలేదు. అందుకని వానాకాలం నాలుగు నెలలు గడ్డి, నీళ్లు, కొంచెం మిట్ట ఉన్న చోట దిగేవారు. ఊరికి దూరంగా, గుట్ట పక్కన, వాగు దగ్గర ఇప్పుడు మనం చూసే తండాల్లో చాలావాటి చోటు అలా ఎద్దు కోసం ఎంచుకున్నదే. మనుషుల కోసం ఎంచుకుని ఉంటే బాటకు, బడికి ఇంకొంచెం దగ్గరగా ఉండేవాళ్లం!

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. 1889 నాటికి ఆ పట్టాలు కాజీపేట, డోర్నకల్ మీదుగా బెజవాడ చేరాయి. జనగామ, మానుకోట రెండూ ఆ దారిలోనే ఉన్నాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరున మానుకోట మహబూబాబాద్ అయింది కూడా. కోస్తా ఉప్పు రైలు పెట్టెల్లో దిగడం మొదలయ్యాక ఎద్దు వీపు మీది ఉప్పును కొనేవాడెవడు? రైలు కంటే ముందే బండి బాటలు కొంత దెబ్బ తీశాయి, రైలు మిగతాది పూర్తి చేసింది. అటు ఇంగ్లీషు ఇలాకాలో 1871 నాటి నేరస్థ తెగల చట్టం వచ్చి, తిరిగే జాతి అంటేనే దొంగల జాతి అన్న చూపు బలపడింది. ఆ చూపు నిజాం ఇలాకాలోకీ పాకింది.

అలా మోత పోయినా ఎద్దులు, ఆవులు మిగిలాయి. మా వాళ్లు మోసే ఎద్దుల నుంచి ఈనే ఆవుల వైపు మళ్లారు. ఈ ప్రాంతంలో అప్పుడు సాగు పెరుగుతోంది. చెరువు కింద కొత్తగా మడి కట్టినవాడికి కోడెల జత కావాలి. లంబాడీ నాయక్ కోడెలను అరువుకే ఇచ్చి, పంట ఇంటికొచ్చాక వసూలుకు వెళ్లేవాడు. చేతిలో కాగితం ఉండేది కాదు, నోటి మాట మీద నడిచేది. ఎద్దుల తర్వాత నెయ్యి. పాలకు గిరాకీ లేని చోట మంద ఉంచినా నెయ్యి చెడిపోదు, మోసుకెళ్లడానికి తేలిక. మూడోది ఎరువు. కోతలయ్యాక రైతు చేనులో రాత్రిపూట మంద నిలిపితే, ఇన్ని రాత్రులకు ఇంత అని జొన్నలో, వడ్లో కొలిచేవారు. మోత, వ్యాపారం తెలిసిన చేతులు కాబట్టే ఈ మూడింటినీ కలిపి ఒక బతుకుగా మలచుకోగలిగాయని మా అభిప్రాయం. కేవలం పశువుల కాపరులు అని రాయడం సగం నిజమే.

ఆ బతుక్కి సంవత్సరం మిరుగుతో మొదలయ్యేది. మృగశిర కార్తె చినుకు పడ్డాక నాలుగైదు రోజుల్లో కంచెల మీద గరక పచ్చబడుతుంది. ఎండాకాలమంతా ఎండు ఆకు తిన్న పశువు ఆ లేత పచ్చిక మీద పడి మేస్తే కడుపు ఉబ్బుతుంది. కాబట్టి పొద్దున ఇంత ఎండు చొప్ప వేశాకే వదిలేవారు. చేన్లలో లేత జొన్న పిలక మరీ ప్రమాదం, నాము తగిలితే నిలువునా పడిపోతుంది. ఈ నెలల్లో నేలంతా పైరే కాబట్టి మందను గుట్టలు, కంచెలు, చెరువు శిఖాల మీదనే తిప్పాలి. మందకు ముందొకడు, వెనకొకడు ఉండాలి. ఏమరుపాటున ఒక్క పెయ్య చేనులో పడితే బందెల దొడ్డే.

ఆషాఢంలో సీత్లా వస్తుంది. తెలుగువాళ్లు దీన్ని దాటుడు పండుగ అంటారు. తండా బయట చెట్టు కింద ఏడుగురు భవానీలకు ఏడు రాళ్లు, ఎదురుగా వాళ్ల సేవకుడు లూంక్డియా. గుగ్గిళ్లు, లాప్సీ నైవేద్యం పెడతారు. మేకను బలిచ్చి, దాని పేగును నేల మీద పరచి, తండా పశువులన్నిటినీ దాని మీదుగా దాటిస్తారు, వాటి మీద గుగ్గిళ్లు చల్లుతారు. చదువుకున్న మా పిల్లల్లో కొందరికి ఇది మొరటుగా తోస్తోంది. పండుగ ఏ నెలలో పడుతుందో చూడండి. తొలి వానలతో గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు మందల్లో కనిపించే రోజులివి. పశువైద్యులు గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయమనేది కూడా వానలకు ముందే. మందలకు మందలను తుడిచిపెట్టిన రిండర్‌పెస్ట్ ప్రపంచం నుంచి పూర్తిగా పోయిందని ప్రకటించింది 2011లో మాత్రమే. అంతకు ముందు ఒక్క వారంలో దొడ్డి ఖాళీ అయిన ఇంటివాళ్లకు సీత్లా ముందు నిలబడడం తప్ప వేరే దారి లేదు. పైగా ఆ రోజు తండాలోని ప్రతి పశువూ అందరి కళ్ల ముందూ నడిచేది. ఏది కుంటుతోంది, ఏది చొంగ కారుస్తోంది అన్నది పెద్దలకు అక్కడే తెలిసిపోయేది.

శ్రావణంలో తీజ్. ఆడపిల్లలు బుట్టల్లో ఎరువు కలిపిన మట్టి పోసి గోధుమలు చల్లి తొమ్మిది రోజులు మొలకను పెంచుతారు. అప్పటికి కంచెల మీద గడ్డి మోకాలెత్తు లేస్తుంది, ఆవులు ఈనుతాయి, నెయ్యి కుండలు నిండుతాయి. ఏడాదిలో తండా కడుపునిండా తినేది ఈ రెండు మూడు నెలలే. దీపావళికి గడ్డి పూత పట్టి ముదురుతుంది. ఆడపిల్లలు అడవికి వెళ్లి పూలు తెచ్చి, ఇంటింటి ముందు పేడ ముద్దలు పెట్టి వాటి మీద ఆ పూలు గుచ్చుతారు. దాన్ని గోర్‌ధన్ అంటాం. లక్ష్మిని డబ్బులో చూసే పండుగ నాడు మేం పేడకు మొక్కుతామని నవ్వేవాళ్లు ఉన్నారు. ఎరువు కొలిచి ధాన్యం తెచ్చుకున్న ఇంట్లో పేడ కంటే సంపద ఏముంటుంది? ఆ పండుగ తర్వాతే ఇళ్ల కప్పులకు బోద గడ్డి కోసేవారు.

కోతల తర్వాత మందకు నేలంతా తెరుచుకుంటుంది. పుష్య మాఘాల్లో కోడెలకు కాడి అలవాటు చేసి, బేరాలు చేసేవారు. కురవి వీరభద్రస్వామి జాతరకు వెళ్లినప్పుడు మొక్కుతో పాటు బాకీ వసూళ్లూ, కొత్త బేరాలూ కలిసి వచ్చేవి.

హోళీ దాటితే కష్టకాలం. జనగామ వైపు, అంటే దేవరుప్పుల, కొడకండ్ల, బచ్చన్నపేట నేలల్లో మొదటి నుంచీ నీటికి కరువే. ఆకేరులో చెలిమె తవ్వితే మనుషులకు సరిపోతాయి, వంద పశువుల మందకు సరిపోవు. అప్పుడు మందలు తూర్పుకు కదిలేవి. మున్నేరు పుట్టే పాకాల చుట్టూ ఉన్న అడవికి, గూడూరు, కొత్తగూడ వైపు కొన్ని, ఇంకా పైకి గోదావరి ఒడ్డున మహదేవ్‌పూర్, పలిమెల అడవులకు కొన్ని. ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు తండాలో ఉండిపోయేవారు. మగవాళ్లు, పడుచు జంటలు, పది పన్నెండేళ్ల పిల్లలు మంద వెంట నడిచేవారు. జొన్న పిండి, ఉప్పు, మిరపకాయ ఉంటే చాలు. బాటి కాల్చుకుని మజ్జిగతో తినేవారు. అడవిలో గడ్డి ఎండినా నారేప ఆకు, జువ్వి ఆకు, ఇప్పపూవు ఉంటాయి. రాత్రి ముళ్లకంచె లోపల మంద, చుట్టూ నెగళ్లు. పులి భయం ఉన్నంతకాలం మెడ గంట చప్పుడు ఆగితే కాపరికి మెలకువ వచ్చేదని పెద్దలు చెబుతారు.

ఆ అడవి ఖాళీ అడవి కాదు, కోయ గూడేల అడవి. గూడెం పెద్దను అడగకుండా మంద దించకూడదన్నది మా పెద్దలు పాటించిన పద్ధతి. కొత్త నెయ్యి మొదట గూడేనికే వెళ్లేది. జాబితాలు, కోటాల మీద రెండు తెగల మధ్య ఇప్పుడు నడుస్తున్న పేచీల్లో ఈ పాత ఇచ్చిపుచ్చుకోవడం ఎవరికీ గుర్తు రావడం లేదు. రోహిణి ఎండలు తగ్గకముందే మందలు తిరుగుదారి పట్టేవి, మిరుగు చినుకుకు సొంత కంచె చేరాలి కదా.

ఈ తిరుగుడంతటికీ వెల కట్టేవాళ్లు కూడా ఉండేవారు. పశువు తలకు ఇంత అని మేత పన్ను సర్కారుది. దాని మీద అటవీ చౌకీదారు మామూలు, పటేల్ పట్వారీల మామూలు, దొర గడీకి పండుగ పండుగకూ నెయ్యి. ఊరి బంచరాయిని దొర తన కంచె అంటే అది అతనిదే అయ్యేది. బందెల దొడ్డిలో పెట్టిన ఆవును విడిపించుకోలేక అదే దొర దగ్గర జీతానికి కుదిరినవాళ్లు, వెట్టిలో చిక్కినవాళ్లు ఎందరో. అందుకే నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో పోరాటం లేచినప్పుడు తండాలు ముందు వరుసలో నిలబడ్డాయి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆయన గొర్లకాపరుల బిడ్డ. ధర్మాపురం, ముండ్రాయి లంబాడీ రైతులు తాము నరికి సాగులోకి తెచ్చిన భూముల కోసం దొరలతో తలపడ్డారు. ధర్మాపురం బిడ్డ జాటోతు ఠాను నాయక్‌ను 1950లో చంపేశారు. ఈ పోరాటాన్ని భూమి పోరాటంగానే రాశారు. అది నిజమే. కానీ భూమి మీద పడిన చేయి అంతకు ముందే దొడ్డి మీద, నేతికుండ మీద పడి ఉంది.

ఆ తర్వాత నాగలి కాలం. పట్టా దొరికినవాళ్లు రైతులయ్యారు, దొరకనివాళ్లు కూలీలయ్యారు. 1952లో పాకాల, ఆ మరుసటి ఏడు ఏటూరునాగారం అభయారణ్యాలయ్యాయి. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలోకి వచ్చారు. చదువు, కొలువు దొరికాయి, అది చిన్న సంగతి కాదు. అయితే ఏ కాగితంలోనూ గడ్డి మీద హక్కు మాత్రం రాలేదు. బంచరాయిలు ఇళ్ల స్థలాలకు, మొక్కల పెంపకానికి పోయాయి, భూపాలపల్లి దగ్గర బొగ్గు గనులు లేచాయి, కాడిని ట్రాక్టర్ మింగింది. పశుగణన ప్రకారం తెలంగాణలో ఆవులు, ఎద్దులు కలిపి 2012లో సుమారు 49 లక్షలుంటే 2019లో 42 లక్షలకు దిగాయి. నల్లమల లంబాడీలు కాపాడుకున్న పొడ తూర్పు పశువుకు జాతి గుర్తింపు దక్కింది. మా వైపు మందలకు అలాంటి పేరు కూడా లేదు, నాటు పశువులు అంటారంతే.

2006 అటవీ హక్కుల చట్టంలో మాత్రం సెక్షన్ 3(1)(డి) కింద మేత హక్కు ఉంది. ఒకచోట ఉండి మేపేవాళ్లకే కాదు, కాలాన్నిబట్టి తిరిగి మేపేవాళ్లకూ అది వర్తిస్తుంది. మా తండాల్లో పోడు భూమికి దరఖాస్తు పెట్టినవాళ్లు ఇంటికొకరు కనిపిస్తారు. మేతకు పెట్టిన తండా మా ఎరుకలో ఒక్కటీ లేదు. 2008 నాటి నియమాలు దరఖాస్తుదారులు కాని పెద్దల మాటను రాసి పెడితే సాక్ష్యంగా తీసుకోవచ్చని చెబుతున్నాయి. 2018 నుంచి చాలా తండాలు సొంతంగా గ్రామపంచాయతీలు అయ్యాయి. మహబూబాబాద్ జిల్లాలో జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులమే. ఆకేరు దాటి మంద ఏ దారిన పోయేది, ఏ చెలిమె దగ్గర దిగేది, ఏ గూడేనికి నెయ్యి ఇచ్చేది అన్నవి చిన్నప్పుడు మంద వెంట నడిచిన ముసలివాళ్లకు ఇంకా నోటికి ఉన్నాయి. వాళ్లలో చాలామంది ఇప్పుడు డెబ్బై దాటినవాళ్లే.