నడిసముద్రం మీద ఇంటి కబురు

ఊళ్లో నాన్నకు సీరియస్ అని ఫోనొస్తే దోహాలో ఫ్లైట్ ఎక్కినోళ్లకు తెలుసు, దిగేదాకా కబురు అందని ఆ నాలుగు గంటలు ఎట్లుంటాయో. నడిసముద్రం మీద విమానంలోకి ఇంటి కబురు రావాలంటే ఉపగ్రహాలే దారి.

2013 ఆగస్టులో ఖతార్ తొలి ఉపగ్రహం ఎస్‌హైల్-1 పైకెళ్లింది. సుహైల్ చుక్క పేరే అది, మన అగస్త్య నక్షత్రమే. ఉండేది దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున. అంతెత్తుకు మాట పోయి కిందికి రావడానికే పావు సెకను.

స్టార్‌లింక్‌వి సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి. కానీ నడిసముద్రంలో సిగ్నల్ దించుకునే స్టేషన్ ఏది? అందుకే లేజర్. 2008లోనే జర్మనీ, అమెరికా ఉపగ్రహాలు రెండు ఇట్లా మాట్లాడుకున్నాయి. 2021 నుంచి స్టార్‌లింక్‌వీ ఒకదానికొకటి వెలుతురుతో కబురు అందించుకుని, స్టేషన్ ఉన్నచోట దించుతున్నాయి.

2024 అక్టోబర్‌లో ఖతార్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777 ఒకటి స్టార్‌లింక్ నెట్‌తో దోహా నుంచి లండన్ వెళ్లింది. ప్రయాణికులకు ఫ్రీ.