కాలనీ గతుకులు, హైవే వేగం: ఖరగ్‌పూర్ తెలుగువారికి చిన్న ఎస్‌యూవీ సరిపోతుందా?

ఖరగ్‌పూర్‌లో కారు కొనే తెలుగు కుటుంబం రెండు రకాల రోడ్లను లెక్కలోకి తీసుకోవాలి. మొదటిది రోజూ తిరిగే దారి: రైల్వే కాలనీ నుంచి గోల్‌బజార్, మలంచ, వర్క్‌షాపు, ఐఐటీ వైపు. రెండోది ఏడాదికి రెండు మూడుసార్లు పట్టే దారి. 16వ నంబరు జాతీయ రహదారి మీద బాలేశ్వర్, కటక్, భువనేశ్వర్, బరంపురం దాటి, ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రలోకి ప్రవేశించి, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని సొంతూళ్లకు చేరేది. శ్రీకాకుళం దాకానే ఆరువందల కిలోమీటర్లు పైమాట.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగువారి ఊరిది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపిందంటే అందుకు ప్రధాన కారణం ఖరగ్‌పూర్ తెలుగువారే. రైల్వే పాసు చేతిలో ఉన్నా, పండగలకు పెద్దవాళ్లతో, సామానుతో ఊరెళ్లడానికి కారు ఉంటే బాగుండునని ఇప్పుడు చాలామంది అనుకుంటున్నారు. ఇంట్లో ఒకే కారు ఉంటే అది రెండు రోడ్లకూ పనికిరావాలి.

నాలుగు మీటర్ల లెక్క

మన దేశంలో కాంపాక్ట్ ఎస్‌యూవీలన్నీ నాలుగు మీటర్లలోపే ఆగిపోవడానికి కారణం పన్ను. పొడవు 4,000 మిల్లీమీటర్లు దాటకుండా, పెట్రోలు ఇంజను 1,200 సీసీ లేదా డీజిలు ఇంజను 1,500 సీసీ లోపు ఉంటే 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 శాతం. ఆ హద్దు దాటితే 40 శాతం. అందుకే 999 సీసీ పెట్రోలు ఇంజనున్న స్కోడా కైలాక్‌కు 18 శాతం పడితే, దాదాపు అంతే పొడవున్నా 1,462 సీసీ ఇంజనున్న మారుతి బ్రెజాకు 40 శాతం పడుతుంది.

ఈ హద్దు ప్రయాణ సుఖం మీదా ప్రభావం చూపుతుంది. పొడవు తక్కువైతే ముందు, వెనక చక్రాల మధ్య దూరం, అంటే వీల్‌బేస్, తగ్గుతుంది. కైలాక్‌కు అది 2,566 మిల్లీమీటర్లు, బ్రెజాకు 2,500, టాటా నెక్సాన్‌కు 2,498. ఇది తగ్గేకొద్దీ ఎగుడుదిగుడు రోడ్డు మీద కారు ముందుకీ వెనక్కీ ఊగడం ఎక్కువవుతుంది. పైగా నేలకూ బండికీ మధ్య ఎత్తు ఎక్కువ (నెక్సాన్‌లో 208 మిల్లీమీటర్లు, కైలాక్‌లో 189) కాబట్టి మలుపుల్లో పక్కకు ఒరగకుండా స్ప్రింగులను కాస్త గట్టిగా బిగిస్తారు. ఆ గట్టిదనమే గతుకుల్లో కుదుపుగా తెలుస్తుంది.

కుదుపు ఎక్కడ తెలుస్తుంది?

కూర్చున్న మనిషి నిలువు కంపనాల్లో సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే వాటిని ఎక్కువగా భరించలేడు. కడుపు, వెన్ను ఆ వేగంలోనే ఎక్కువగా అదురుతాయి. వానాకాలం తర్వాత తారు లేచిపోయి ఎర్ర కంకర తేలిన కాలనీ రోడ్డు మీద, 20 కిలోమీటర్ల వేగంలో, ఈ రకం కుదుపులే వెన్నుకు తగులుతాయి. హైవే మీద సమస్య వేరు. వంతెనల అతుకుల దగ్గర కారు పైకి లేచి దిగిన తర్వాత ఎంత త్వరగా కుదుటపడుతుందన్నదే అక్కడ ముఖ్యం.

2024 నవంబరులో విడుదలైన కైలాక్ ఈ తేడాను బాగా చూపిస్తుంది. దాని సస్పెన్షన్ బిగువుగా ఉంటుంది. నెమ్మదిగా వెళ్తే గతుకు తెలుస్తుంది, వేగం పెరిగేకొద్దీ బండి నిలకడగా సాగుతుంది. ఏడాదంతా ఊళ్లోనే తిరిగేవారికి మెత్తటి బండి నచ్చుతుంది. తరచూ ఆంధ్రకు వెళ్లేవారికి ఈ నిలకడే అలసట తగ్గిస్తుంది. వెనక సీటు వెడల్పు మాత్రం ముగ్గురు పెద్దవాళ్లకు ఇరుకే, మధ్యలో కూర్చున్నవారు పదమూడు గంటలు ఓర్చుకోవాలి. భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో దీనికి అయిదు నక్షత్రాలు వచ్చాయి.

టెస్ట్ డ్రైవ్‌లో సాధారణంగా ఇద్దరే ఉంటారు. పండగ ప్రయాణంలో అయిదుగురూ సామానూ కలిసి నాలుగువందల కిలోలకు చేరుతుంది. ఇలాంటి కారు బరువులో అది మూడో వంతు. బరువు పడితే బండి మెత్తబడినట్టు అనిపిస్తుంది కానీ స్ప్రింగు అప్పటికే సగం నొక్కుకుపోయి, పెద్ద గుంతలో అడుక్కి కొట్టుకుంటుంది. కాబట్టి ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని, ఒకసారి కాలనీ రోడ్డు మీద, ఒకసారి చౌరంగి దాటి హైవే మీద నడిపి చూడాలి. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద టైర్లలో గాలికి మామూలు బరువుకు ఒక అంకె, నిండు బరువుకు మరో అంకె ఉంటాయి. ఏడాది పొడవునా రెండో అంకెతో తిరిగితే కుదుపుకు కారును తప్పుపట్టడం అన్యాయం.

కొన్న తర్వాత

ఇంజను ఎంపికా రోజువారీ దారిని బట్టే ఉండాలి. బీఎస్6 డీజిలు కార్లలో పొగమసిని పట్టే ఫిల్టరు శుభ్రపడాలంటే అప్పుడప్పుడు ఇరవై నిమిషాలైనా ఆగకుండా వేగంగా నడవాలి. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో అది పూడుకుపోతుంది. అలాంటివారికి పెట్రోలు మేలు.

ఉద్యోగ విరమణ తర్వాత సొంతూరికి మారిపోదామనుకునేవారు రిజిస్ట్రేషన్ గురించి ముందే ఆలోచించాలి. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి కారు ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్టరు చేయించాలి. ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, కొత్తగా పన్ను కట్టాలి. 2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ ఈ తిప్పలు తప్పిస్తుంది. రైల్వేతో సహా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు దానికి అర్హులు, పన్ను రెండేళ్లకోసారి కట్టవచ్చు. అర్హతకు ఉద్యోగంలో ఉండటమే ఆధారం కాబట్టి విరమణ డబ్బు చేతికొచ్చాక కొనాలని ఆగేవారు ఈ సంగతి కూడా లెక్కవేసుకోవాలి.