మొక్కల మందుతో దోమలు ఆగుతాయా? పరీక్షించేది ఇలా

వేపగింజలు, సీతాఫలం గింజలు, తులసి ఆకుల సారంతో దోమ లార్వాలు చనిపోయాయని చెప్పే పరిశోధనలు మన దేశంలో చాలానే వచ్చాయి. రసాయన మందులను తట్టుకునే శక్తి దోమల్లో పెరుగుతున్నందున ఈ అన్వేషణకు ప్రాధాన్యం ఉంది. అయినా ప్రయోగశాలలో నెగ్గిన సారాల్లో నీటి తొట్టెల దాకా వచ్చినవి తక్కువ. ఎందుకో తెలియాలంటే పరీక్షా విధానం చూడాలి.

కప్పుకు 25 లార్వాలు

లార్వా మందుల పరీక్షకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం బాగా ఎదిగిన (మూడు, నాలుగు దశల) లార్వాలను కప్పుకు 25 చొప్పున నీటిలో వేసి, మందును వేర్వేరు మోతాదుల్లో కలుపుతారు. పోలిక కోసం కొన్ని కప్పుల్లో మందు లేకుండా, దాన్ని కరిగించిన ద్రావకం మాత్రమే పోస్తారు. 24 గంటల తర్వాత చనిపోయినవాటిని లెక్కిస్తారు. మందు లేని కప్పుల్లోనూ 20 శాతానికి మించి చనిపోతే ఆ పరీక్ష చెల్లదు. సగం లార్వాలను చంపే మోతాదును ఎల్‌సీ50 అంటారు.

అన్ని మందులకూ ఒక్క రోజు గడువు చాలదు. వేపలోని అజాడిరాక్టిన్ లార్వా ఎదుగుదలను నియంత్రించే హార్మోన్లను దెబ్బతీస్తుంది. అందుకే ఇలాంటివాటికి ఎన్ని లార్వాలు దోమలుగా మారకుండా ఆగాయో చివరిదాకా చూడాలి.

తొట్టె దగ్గర చిక్కు

అసలు చిక్కు మోతాదుతో మొదలవుతుంది. తాగునీటి తొట్టెల్లో వాడే రసాయన మందు టెమిఫాస్ పరిమితి లీటరుకు 1 మిల్లీగ్రాము. అంటే వెయ్యి లీటర్లకు 1 గ్రాము. ఒక ఆకు సారం లీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటేనే పనిచేస్తుందనుకుందాం. అదే తొట్టెకు 100 గ్రాములు కావాలి. అంత కలిపితే నీటి రంగు, రుచి, వాసన మారవచ్చు.

రెండోది నిలకడ. అజాడిరాక్టిన్ ఎండకు త్వరగా విచ్ఛిన్నమవుతుంది. మూడోది నాణ్యత. నేల, కాలం, చెట్టును బట్టి గింజలోని మందు శాతం మారుతుంది. అందుకే ప్రయోగశాల తర్వాత చిన్న స్థాయిలో, ఆపై పెద్ద స్థాయిలో క్షేత్ర పరీక్షలు చేయాలి.

మొక్క నుంచి వచ్చిందంటే హాని లేదనుకోవడమూ పొరపాటే. కొన్ని మొక్కల వేర్లలో ఉండే రొటెనోన్ చేపలకు విషం. లార్వాలను తినే గంబూసియా చేపలు చనిపోతే దోమలకే మేలు.

విజయానికీ ఉదాహరణ ఉంది. చేమంతి జాతి పూల నుంచి తీసిన పైరెత్రం దోమల మందుగా స్థిరపడింది. అది ఎండకు నిలవదు కాబట్టి శాస్త్రవేత్తలు అదే నమూనాలో కృత్రిమ పైరెత్రాయిడ్లు తయారుచేశారు. దోమతెరలకూ మస్కిటో కాయిల్స్‌కూ అవే ఆధారమయ్యాయి. ఇప్పుడు దోమలు వాటినీ తట్టుకుంటున్నాయి.

అందుకే ‘ఈ ఆకు దోమలను చంపుతుంది’ అన్న వార్త కనిపిస్తే ఎంత మోతాదులో, ఎన్ని రోజులు, నీటిలోని మిగతా జీవులకు ఏమవుతుంది అని అడగాలి. కప్పులో వచ్చిన ఫలితం తొలి మెట్టు మాత్రమే.