బడ్జెట్ ల్యాప్‌టాప్: తక్కువ ధరకే వస్తోందని ల్యాప్‌టాప్ కొనేస్తున్నారా..? డబ్బులు కట్టేముందు ఇవి చెక్ చేసుకోండి!

పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, ఆఫీస్ మెయిళ్లు, షాపు లెక్కలు, జీఎస్టీ రిటర్నులు.. ఇలా ప్రతి ఇంట్లోనూ ల్యాప్‌టాప్ అవసరం పెరిగిపోయింది. అలాగని అందరూ రూ.60 వేలు, రూ.70 వేలు పెట్టి కొనలేరు. మిడిల్ క్లాస్ కుటుంబానికి రూ.30 వేలు, రూ.40 వేలు అన్నా నెలల తరబడి కూడబెట్టిన డబ్బే. ఆఫర్ ఉందని తొందరపడి కొంటే.. ఆర్నెల్లకే అది నత్తనడక నడుస్తుంది. మార్చుకోవడానికి మళ్లీ డబ్బులుండవు. అందుకే కొనేముందు ఏం చూడాలో ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

ముందు మీ పని ఏంటో తేల్చుకోండి

వర్డ్, ఎక్సెల్, బ్రౌజింగ్, వీడియో కాల్స్, సినిమాలు.. మీ అవసరం ఇంతేనా? అయితే విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. దానికి పెట్టే డబ్బు ర్యామ్ మీద పెట్టడం మేలు. ట్యాలీ వాడే షాపు ఓనర్లు, అను ఫాంట్లు, పేజ్‌మేకర్‌తో పని చేసే డీటీపీ వాళ్లు మాత్రం విండోస్ ల్యాప్‌టాపే తీసుకోవాలి. క్రోమ్‌బుక్ ధర తక్కువే కానీ.. ఈ సాఫ్ట్‌వేర్లు అందులో నేరుగా ఇన్‌స్టాల్ కావు. బ్రౌజర్‌లోనే పని అయిపోయే స్టూడెంట్స్‌కు అయితే క్రోమ్‌బుక్ సరిపోతుంది.

ర్యామ్ 8 జీబీ కంటే తగ్గొద్దు

విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్ చాలని మైక్రోసాఫ్ట్ చెబుతోంది. కానీ అది సిస్టమ్ ఆన్ అవ్వడానికి సరిపోయే లెక్క. క్రోమ్‌లో పది ట్యాబ్‌లు, పక్కన ఒక వీడియో కాల్ నడిస్తే 4 జీబీ చేతులెత్తేస్తుంది. 8 జీబీ మినిమమ్ అనుకోండి, 16 జీబీ అయితే ఇంకా మంచిది. ఇక్కడే ఇంకో మెలిక ఉంది. చాలా బడ్జెట్ మోడళ్లలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించేస్తారు. తర్వాత పెంచుకుందాం అంటే కుదరదు. ఖాళీ స్లాట్ ఉందా లేదా అని షాపులో తప్పకుండా అడగండి.

ఎస్‌ఎస్‌డీ ఉందా.. ఈఎంఎంసీనా?

"128 జీబీ స్టోరేజ్" అని బాక్సు మీద ఉంటే సరిపోదు. అది ఎస్‌ఎస్‌డీనా, ఈఎంఎంసీనా చూడాలి. ఈఎంఎంసీ అంటే తక్కువ ధర ఫోన్లలో వాడే రకం మెమరీ. వేగం తక్కువ, సాధారణంగా మార్చుకోవడం కూడా కుదరదు. 64 జీబీ ఈఎంఎంసీ ఉన్న ల్యాప్‌టాప్‌లో విండోస్, దాని అప్‌డేట్లకే జాగా నిండిపోతుంది. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంటే ఓ కుటుంబానికి హాయిగా సరిపోతుంది. బడ్జెట్ మరీ టైట్‌గా ఉంటే 256 జీబీ ఎస్‌ఎస్‌డీ అయినా ఉండాలి.

ప్రాసెసర్.. స్టిక్కర్ కాదు, నంబర్ చూడండి

ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. సెలెరాన్ ఎన్4020 లాంటి రెండు కోర్ల ప్రాసెసర్లకు దూరంగా ఉండండి. ఇంటెల్ ఎన్100లో నాలుగు కోర్లు ఉంటాయి, తేలికపాటి పనులకు పర్వాలేదు. ఆఫీస్ పనికి, మూడు నాలుగేళ్లు వాడాలనుకుంటే కోర్ ఐ3-1215యూ, ఐ3-1315యూ లాంటివి బెటర్. వీటిలో ఆరు కోర్లు ఉంటాయి.

ఏఎండీ రైజెన్ 7000 సిరీస్ విషయంలో ఓ చిన్న కిటుకు ఉంది. నాలుగు అంకెల్లో మూడో అంకె ఆ చిప్ ఏ తరం డిజైనో చెబుతుంది. రైజెన్ 5 7520యూలో మూడో అంకె 2, అంటే 2019లో వచ్చిన జెన్ 2 డిజైన్. రైజెన్ 3 7330యూలో మూడో అంకె 3, అంటే దాని తర్వాతి జెన్ 3. పేరులో "5" ఉంది కదా అని మొదటిదే కొత్తదనుకుంటే పొరపాటే.

సెకండ్ హ్యాండ్ ఐ5.. జాగ్రత్త

సికింద్రాబాద్ సీటీసీలాంటి మార్కెట్లలో, ఆన్‌లైన్‌లో వాడేసిన ఆఫీస్ ల్యాప్‌టాప్‌లు తక్కువ ధరకు దొరుకుతుంటాయి. వీటిలో మంచివీ ఉంటాయి. కానీ జనరేషన్ తప్పక చూడాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా రావాలంటే ఇంటెల్‌లో దాదాపు 8వ జనరేషన్ లేదా ఆపైది ఉండాలి. ఐ5-7200యూ అంటే 7వ జనరేషన్, ఐ5-8250యూ అంటే 8వ జనరేషన్. ఈ ఒక్క అంకె తేడాతో మీ బ్యాంకు లావాదేవీలు జరిగే మెషీన్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయా, రావా అన్నది తేలిపోతుంది. అలాగే ఛార్జర్ తీసేసి అరగంట వాడి చూడండి. బ్యాటరీ ఎంత గట్టిగా ఉందో అక్కడే తెలిసిపోతుంది.

స్క్రీన్, పోర్టులు తేలిగ్గా తీసుకోవద్దు

1366x768 కాకుండా 1920x1080 రిజల్యూషన్ ఉన్న స్క్రీన్ తీసుకోండి. ఎక్సెల్ షీట్‌లో ఎక్కువ వరుసలు కనిపిస్తాయి, అక్షరాలూ స్పష్టంగా ఉంటాయి. ఐపీఎస్ ప్యానెల్ అయితే పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారవు. జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ పనులకు వాడే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పెట్టాలంటే మామూలు యూఎస్‌బీ పోర్టు కావాలి. వేలిముద్ర మెషీన్‌కూ అంతే. అందుకే కనీసం రెండు ఉన్నాయో లేదో చూసుకోండి.

విండోస్ ఉందా.. లేదా?

ఒకే మోడల్ రూ.4 వేలు, రూ.5 వేలు తక్కువకు కనిపిస్తే అది డాస్ వెర్షన్ అయి ఉండొచ్చు. అంటే అందులో విండోస్ ఉండదు, విడిగా కొనుక్కోవాలి. కొన్నింట్లో "ఎస్ మోడ్" ఉంటుంది. అందులో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోని యాప్స్ మాత్రమే పని చేస్తాయి. కంగారొద్దు, దాని నుంచి ఉచితంగానే బయటకు రావచ్చు. కాకపోతే మళ్లీ వెనక్కి వెళ్లలేరు. "ఆఫీస్ ఫ్రీ" అని ఉంటే అది పర్మనెంటా, ఏడాది సబ్‌స్క్రిప్షనా అడగండి. ఏదీ లేకపోయినా లిబ్రే ఆఫీస్ ఉచితంగా దొరుకుతుంది.

బిల్లు లేకుండా కొనొద్దు

ల్యాప్‌టాప్‌పై 18 శాతం జీఎస్టీ ఉంటుంది. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం" అంటే ఒప్పుకోవద్దు. రేపు సమస్య వస్తే మీ చేతిలో ఆధారం ఉండదు. జీఎస్టీ నంబర్ ఉన్న వ్యాపారులు బిల్లులో ఆ నంబర్ వేయించుకుంటే, వ్యాపార అవసరానికి కొన్నప్పుడు నిబంధనల ప్రకారం ట్యాక్స్ క్రెడిట్ తీసుకోవచ్చు. క్రెడిట్ కార్డుపై "నో కాస్ట్ ఈఎంఐ" అన్నా, వడ్డీ భాగంపై జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు పడే అవకాశం ఉంది. మొత్తం ఎంత అవుతుందో ముందే లెక్క వేసుకోండి. మీ ఊళ్లో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందా, లేక రిపేర్‌కు జిల్లా కేంద్రానికి మోసుకెళ్లాలా అన్నదీ తెలుసుకోండి.

ఇంటికొచ్చాక మొదటి పది నిమిషాలు

ఆన్‌లైన్‌లో కొంటే పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. ఆన్ చేశాక కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ దగ్గర ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంత, డిస్క్ రకం ఏంటి అన్నీ కనిపిస్తాయి. బిల్లులో రాసింది, ఇక్కడ కనిపించేది ఒక్కటే అయి ఉండాలి. తేడా ఉంటే రిటర్న్ గడువు దాటకముందే కంప్లైంట్ చేయండి. అమ్మినవాళ్లు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

మొత్తంగా చెప్పాలంటే.. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫుల్ హెచ్‌డీ స్క్రీన్, విండోస్ 11, పక్కా బిల్లు. ఈ ఐదూ ఓ కాగితం మీద రాసుకుని షాపుకు వెళ్లండి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా, ఎంత ఆఫర్ ఉన్నా తొందరపడకండి.

గమనిక: ధరలు, ఆఫర్లు, మోడళ్లు ఎప్పటికప్పుడు మారుతుంటాయి. కొనేముందు మరోసారి సరిచూసుకోగలరు.